గోడ కట్టి తెలుగు బడిని నిలపలేము



2024 ఫిబ్రవరి 9న మహారాష్ట్ర ప్రభుత్వం విద్యాహక్కు నియమాలకు ఒక సవరణ చేసింది. ఏ ప్రైవేటు బడికైనా ఒక కిలోమీటరు లోపల ప్రభుత్వ బడి గాని, ప్రభుత్వ సహాయం పొందే బడి గాని ఉన్నట్లయితే, ఆ ప్రైవేటు బడి తన ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లను పేద పిల్లలకు ఇవ్వనక్కర లేదన్నది దాని సారాంశం. వినడానికి ఇదొక కొలత మాత్రమే. కాని మన దాజీ పేట్‌లో నిలబడి ఏ దిక్కుకు నడిచినా కిలోమీటరు పూర్తి కాకముందే ఒక మునిసిపల్ బడో, సహాయం పొందే బడో ఎదురవుతుంది. మగ్గం, ఇల్లు, గుడి, బడి అన్నీ కూతవేటు దూరంలో ఉండేటట్లు మన పెద్దలు ఈ పేటలను కట్టుకున్నారు. కనుక ఆ సవరణ నిలిచి ఉంటే పవర్‌లూమ్ కార్మికుని బిడ్డకు, బీడీలు చుట్టే తల్లి బిడ్డకు ఈ చుట్టుపక్కల ప్రైవేటు బడి గడప తొక్కే హక్కు లేకుండా పోయేది.

అది నిలవలేదు. మే 6న బొంబాయి హైకోర్టు సవరణ అమలును ఆపివేసింది. జూలై 19న ప్రధాన న్యాయమూర్తి దేవేంద్ర కుమార్ ఉపాధ్యాయ, న్యాయమూర్తి అమిత్ బోర్కర్‌ల ధర్మాసనం దానిని కొట్టివేసింది. పార్లమెంటు చేసిన చట్టం పిల్లలకు ఇచ్చిన హక్కును రాష్ట్ర ప్రభుత్వం ఒక నియమం రాసి తీసివేయజాలదని తీర్పు. ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా అందులో జోక్యం చేసుకొనడానికి నిరాకరించింది.

ఇంతవరకు పత్రికలలో వచ్చినదే. పత్రికలలో రానిది ఒకటి ఉన్నది. ఫిబ్రవరికి, జూలైకి నడుమ గడిచిన ఆ నెలలలో మన తెలుగు బడుల ఉపాధ్యాయులలో కొందరికి లోలోపల ఊరట కలిగింది. పైకి ఎవరూ అనలేదు. ఆ ఊరట ఎందుకో మీకు చెప్పనక్కర లేదు. పటసంఖ్య తగ్గితే సంచ్ మాన్యతలో పోస్టు తగ్గుతుంది, పోస్టు తగ్గితే మనలో ఒకరు అతిరిక్త ఉపాధ్యాయులై ఏ తాలూకాకో వెళ్లవలసి వస్తుంది. లాటరీలో పేరు వచ్చి ఇంగ్లీషు మీడియం బడికి వెళ్లే ప్రతి పిల్లవాడు మన మొదటి తరగతి పట్టీలో ఒక ఖాళీ గీత. ప్రైవేటు బడి తలుపు మూసుకుంటే ఆ పిల్లవాడు మన దగ్గరకే వస్తాడు కదా అన్న లెక్క అది. తప్పుడు మనుషుల లెక్క కాదు, భయపడిన మనుషుల లెక్క. అయినా దానిని నేను ఒప్పుకోలేను. ఎందుకు ఒప్పుకోలేనో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా ఈ 25 శాతం దానధర్మం కాదని గుర్తించాలి. 2009లో చేసి 2010 ఏప్రిల్ 1న అమలులోకి తెచ్చిన చట్టంలోని సెక్షన్ 12(1)(సి) ఇది. పేద పిల్లలకు వేరే బడి కట్టి ఇస్తామని చట్టం అనలేదు. ఇరుగుపొరుగు పిల్లలందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టమన్నది. కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నియమాలు మరింత స్పష్టంగా ఉన్నాయి: ఈ పిల్లలను తరగతి గదిలో వేరుగా కూర్చోబెట్టరాదు, వేరే వేళలలో పాఠాలు చెప్పరాదు, పుస్తకాలలో, యూనిఫారంలో, గ్రంథాలయంలో, ఆటలలో తేడా చూపరాదు. ప్రైవేటు యాజమాన్యాలు దీనిని సవాలు చేయగా, 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల మెజారిటీతో, ఒకరి భిన్నాభిప్రాయంతో చట్టాన్ని నిలబెట్టింది. ప్రభుత్వం చెల్లించవలసిన ఫీజు సొమ్ము సకాలంలో రావడం లేదని యాజమాన్యాలు చేసే ఫిర్యాదు మాత్రం నిజమైనదే. కాని బాకీ పడినది ప్రభుత్వం, పిల్లవాడు కాదు.

ఇక 'దగ్గరలో మీ కోసం మరొక బడి ఉన్నది కదా' అన్న మాట. ఈ మాట చాలా పాతది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం టొపీకా పట్టణంలో లిండా బ్రౌన్ అనే నల్లజాతి బాలిక ఇంటికి దగ్గరలో సమ్నర్ బడి ఉండేది. అది తెల్లపిల్లలది. ఆమె మాత్రం రైలు పట్టాల పక్కగా నడిచి, బస్సు ఎక్కి, దూరాన ఉన్న మన్రో బడికి వెళ్లవలసి వచ్చేది. అది నల్లపిల్లలకు కేటాయించినది. 1896 నాటి ఒక తీర్పు 'వేరుగా ఉన్నా సమానంగా ఉంటే చాలు' అని ఈ పద్ధతికి ముద్ర వేసింది. 1954 మే 17న అమెరికా సుప్రీంకోర్టు బ్రౌన్ కేసులో, బడుల విషయంలో ఆ ముద్రను చెరిపివేసింది. ఉపాధ్యాయులమైన మనం గమనించవలసినది ఒకటుంది. మన్రో బడి చెడ్డ బడి కాదు. అక్కడి పంతులమ్మలు బాగా చదువుకున్నవారు, పిల్లలను ప్రేమగా చూసుకున్నవారు. భవనాలు, జీతాలు, పాఠ్యక్రమం సమానంగా ఉన్నా, లేదా సమానం చేస్తున్నా, వేరు చేయడమే అసమానత అని న్యాయస్థానం అన్నది. మన బడి మంచి బడే. మనం మంచి ఉపాధ్యాయులమే. పేద పిల్లవాడికి మరొక తలుపు మూయడానికి అది కారణం కాజాలదు.

అక్కడ వేరు చేసినది రంగు, ఇక్కడ వేరు చేసేది ఫీజు, రెండింటినీ ఎలా పోలుస్తారని మీరు అడగవచ్చు. నిజమే, రెండూ ఒకటి కావు. కాని మన దేశంలో ఫీజు గోడకు ముందు కులం గోడ ఉండేది. అది పూర్తిగా పడిపోయిందని సోలాపూర్‌లో పుట్టిన వారెవరూ అనలేరు. 1856లో ధార్వాడ్ ప్రభుత్వ పాఠశాలలో చేర్చుకొమ్మని ఒక మహర్ బాలుడు అర్జీ పెట్టుకుంటే బొంబాయి ప్రభుత్వం నిరాకరించింది. ఒక్క పిల్లవాని కోసం మిగిలిన వారందరూ బడి విడిచిపోతారని వారి భయం. ఆనాడు ఆ బాలుని వైపు నిలిచిన న్యాయస్థానం లేదు. అంబేడ్కర్ స్థాపించిన బహిష్కృత హితకారిణీ సభ 1925లో అణగారిన కులాల ఉన్నత పాఠశాల విద్యార్థులకు వసతిగృహం తెరచినది మన సోలాపూర్‌లోనే. బడి తలుపు తెరిస్తే చాలదు, లోపల నిలదొక్కుకొనడానికి అన్నం, చోటు కావాలని ఆ సభకు తెలుసు. ఈ మాట మళ్లీ వస్తుంది.

బ్రౌన్ తీర్పు వచ్చిన తొమ్మిది రోజులకు, 1954 మే 26న, మన సుప్రీంకోర్టు కూడా బడి ప్రవేశాలపై ఒక తీర్పు ఇచ్చింది. మన పాఠ్యపుస్తకాలలో బ్రౌన్ ప్రస్తావన అయినా అక్కడక్కడ ఉంటుంది గాని దీని ప్రస్తావన ఉండదు. అప్పట్లో సోలాపూర్ బొంబాయి రాష్ట్రంలో ఉండేది. ఆ రాష్ట్ర ప్రభుత్వం 1954 జనవరి 6న ఒక ఉత్తర్వు వేసింది. ఇంగ్లీషు మాధ్యమపు తరగతులలో ఆంగ్లో ఇండియన్లను, ఆసియేతర సంతతి వారిని తప్ప ఇతరులను చేర్చుకోరాదని ఆ ఉత్తర్వు. దేవళాలీలోని బార్న్స్ హైస్కూలును నడిపే బాంబే ఎడ్యుకేషన్ సొసైటీ కోర్టుకు వెళ్లింది, ప్రవేశం దొరకని పిల్లల తల్లిదండ్రులు కూడా వెళ్లారు. ప్రభుత్వం చెప్పుకున్న ఉద్దేశం మంచిదే: దేశభాషలు వృద్ధి కావాలి, పిల్లలు పరాయి భాషలో మగ్గిపోరాదు. మీరూ నేనూ సభలలో చెప్పే మాటలే అవి. సుప్రీంకోర్టు ఆ ఉద్దేశాన్ని తప్పు పట్టలేదు. ఉద్దేశం ఏదైనా, సహాయం పొందే బడిలో భాషను బట్టి ఒక పౌరునికి ప్రవేశం లేదనడం రాజ్యాంగం 29(2) అధికరణానికి విరుద్ధమని ఉత్తర్వును కొట్టివేసింది.

మాతృభాషాభిమానంతో కట్టినా గోడ గోడే అని ఆ తీర్పుకు నేను చెప్పుకునే అర్థం. ఇప్పటికీ న్యాయస్థానాలు ఆ దారిలోనే నడుస్తున్నాయి. ప్రాథమిక తరగతులలో మాతృభాషా మాధ్యమాన్ని నిర్బంధం చేసిన కర్ణాటక ఉత్తర్వును 2014 మే 6న సుప్రీంకోర్టు అంగీకరించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమానికి మార్చమన్న ఉత్తర్వులను 2020 ఏప్రిల్ 15న అక్కడి హైకోర్టు కొట్టివేసింది. ఒకటి ఇంగ్లీషుకు అనుకూలం, మరొకటి తెలుగుకు అనుకూలం అని మనం చదువుకుంటాము. నిజానికి రెండూ ఒక్క మాటే అంటున్నాయి: మాధ్యమాన్ని ఎన్నుకునేది తల్లిదండ్రులు. కనుక బలవంతంగా పిల్లలను తెచ్చి మన తరగతి నింపే న్యాయస్థానం ఏదీ లేదు, ఉండబోదు.

ఇక మన భయం సంగతి. దానిని తేలికగా తీసివేయడం నాకిష్టం లేదు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వెళ్లి ఏడ్చాడని మన సామెత. అమెరికాలో అదే జరిగింది. తీర్పు ఇంకా రాకముందే, 1953 మార్చిలో, టొపీకా విద్యాధికారి ఒక నల్లజాతి ఉపాధ్యాయురాలికి ఉత్తరం రాశాడు. తెల్లపిల్లలకు నల్లవారు పాఠం చెప్పడానికి పట్టణ ప్రజలు ఇష్టపడకపోవచ్చు గనుక వచ్చే సంవత్సరం మీ ఉద్యోగం కొనసాగదని దాని సారం. ఆ తరువాతి సంవత్సరాలలో దక్షిణాది రాష్ట్రాలలో నల్లపిల్లల బడులు మూతపడ్డాయి, వేలకొద్దీ నల్లజాతి ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. పిల్లలను కలిపారు గాని పంతుళ్లను కలపలేదు. నల్లజాతి మేధావి డుబాయిస్ 1935లోనే ఈ చిక్కును చూశాడు. పిల్లవాడికి కావలసినది వేరు బడీ కాదు, కలిసిన బడీ కాదు, చదువు అన్నది ఆయన వాదం. ద్వేషంతో చూసే ఉపాధ్యాయుల మధ్య కూర్చోబెట్టే కలయిక వలన మేలు లేదని ఆయన హెచ్చరించాడు.

మన పిల్లల సంగతి చూడండి. దాజీ పేట్ ఇంటిలో తెలుగు, అది కూడా మన తాతలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుండి మగ్గాలతో పాటు తెచ్చుకున్న తెలుగు, సగం మరాఠీ కలిసినది. వీధిలో మరాఠీ. లాటరీలో పేరు వచ్చి ఒక్కసారిగా ఇంగ్లీషు తరగతిలో కూర్చున్న ఆరేళ్ల బిడ్డకు మొదటి సంవత్సరం గడిచేది ఎలా? పక్క పిల్లవాడికి ఇంటిలో సాయం చేసే తల్లి ఉంటుంది, ట్యూషన్ ఉంటుంది. ఈ బిడ్డ తల్లి వెయ్యి బీడీల లెక్క పూర్తి చేసేసరికి దీపాలు పెట్టే వేళ దాటిపోతుంది. మూడవ తరగతికి వచ్చేసరికి అటువంటి పిల్లలు కొందరు తిరిగి మన బడికే వస్తారు. అప్పటికి వారికి తెలుగు అక్షరాలూ రావు, ఇంగ్లీషు వాక్యమూ రాదు. అటువంటి పిల్లలకు మళ్లీ 'అ ఆ'ల నుండి మొదలుపెట్టిన ఉపాధ్యాయులు ఇది చదువుతున్న వారిలో ఎందరో ఉంటారు. వారికి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

దీనికి కూడా ఒక తీర్పు ఉన్నది. సాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో దాదాపు 1,800 మంది చైనా సంతతి పిల్లలు ఇంగ్లీషు అర్థం కాకుండా ఇంగ్లీషు తరగతులలో కూర్చుని ఉండేవారు. అందరికీ ఒకే పుస్తకం, ఒకే ఉపాధ్యాయుడు, ఒకే గది ఇచ్చాము, ఇంకేమి చేయాలని అధికారులు వాదించారు. 1974 జనవరి 21న అమెరికా సుప్రీంకోర్టు లౌ కేసులో, భాష అర్థం కాని పిల్లవానికి ఆ సమానత్వం సమానత్వం కాదన్నది. మన విద్యాహక్కు చట్టం సెక్షన్ 29(2)(ఎఫ్) సాధ్యమైనంత వరకు మాతృభాషలోనే బోధన ఉండాలని చెబుతుంది. రాజ్యాంగం 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించమంటుంది. 25 శాతం సీట్ల గురించి జరిగే వాదోపవాదాలలో ఈ రెండు వాక్యాలను పట్టుకుని ఎవరూ మాట్లాడటం లేదు. ఆ పని మనది. మూసిన తలుపును కోర్టు తెరిపించగలదు. లోపలికి వెళ్లిన బిడ్డ చేయి పట్టుకుని పలక దిద్దించడం దాని పని కాదు.

ఇప్పుడు కొందరికి కోపం తెప్పించే మాట ఒకటి చెప్పక తప్పదు. 2012 తీర్పులోనే సహాయం పొందని అల్పసంఖ్యాక వర్గాల బడులకు 25 శాతం నుండి మినహాయింపు దొరికింది. 2014 మే 6న ప్రమతి కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకా ముందుకు వెళ్లి, సహాయం పొందినా పొందకపోయినా అల్పసంఖ్యాక బడులకు విద్యాహక్కు చట్టమే వర్తించదన్నది. మతం వలన అల్పసంఖ్యాకులైన వారికే కాదు, భాష వలన అల్పసంఖ్యాకులైన మనకు కూడా ఈ మినహాయింపు ఉన్నది. భాషా అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రాన్ని బట్టి నిర్ణయించాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో తేలింది. తెలంగాణలో అధిక సంఖ్యాకులమైన మనం మహారాష్ట్రలో అల్పసంఖ్యాకులం.

ఈ హక్కు ఎందుకు పుట్టింది? అధిక సంఖ్యాకుల మధ్య ఒక చిన్న భాష, దాని లిపి, దాని సంస్కృతి నిలిచి ఉండటానికి. కాని బడిని స్థాపించినది ఎవరు, నడిపేది ఎవరు అన్నదే న్యాయస్థానాలు చూసే గీటురాయి. లోపల ఏ భాష చెబుతున్నారన్నది కాదు. అందువలన తెలుగు మాధ్యమంలో చేనేత పిల్లలకు పాఠం చెప్పే బడి, తెలుగు అక్షరం ఒక్కటి కూడా నేర్పకుండా వేల రూపాయల ఫీజు వసూలు చేసే ఇంగ్లీషు బడి, రెండూ ఒకే గొడుగు కింద నిలబడతాయి. మొదటిదానికి ఆ గొడుగు వలన ఒరిగేది స్వల్పం, అక్కడ 25 కాదు, నూటికి నూరు మంది పేదవారే. రెండవదానికి అదే గొడుగు పేద పిల్లవానిని గడప దగ్గర ఆపడానికి పనికివస్తుంది. తెలుగు పేరు చెప్పి తెలుగు బిడ్డనే బయట నిలబెట్టడం! జాతీయ బాలల హక్కుల కమిషన్ 2021లో ప్రకటించిన పరిశీలన ప్రకారం అల్పసంఖ్యాక వర్గాల బడులలో సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన పిల్లలు 8.76 శాతం మాత్రమే. ఆ పరిశీలన మతపరమైన బడుల గురించి. భాషా బడులను లెక్కపెట్టినా మనం గర్వపడే సంఖ్య వస్తుందని నాకు నమ్మకం లేదు.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు అంజుమన్ ఇషాత్ ఎ తాలీమ్ కేసులో తీర్పు ఇచ్చిన రోజున మన వాట్సాప్ గుంపులన్నీ టెట్ గురించే మ్రోగిపోయాయి. పదవీ విరమణకు ఇంకా ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్నవారు రెండేళ్లలో టెట్ ఉత్తీర్ణులు కావాలన్న భాగం అది. యాభై దాటిన ఉపాధ్యాయులకు గుండెలో రాయి పడటం సహజమే. కాని అదే తీర్పులో మరొక భాగం ఉన్నది. అల్పసంఖ్యాక బడులన్నిటికీ పూర్తి మినహాయింపు ఇచ్చిన ప్రమతి తీర్పు సరియైనదేనా అని ఆ ధర్మాసనం సందేహం వెలిబుచ్చి, విస్తృత ధర్మాసనం పరిశీలించాలని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. దానిని మనవారు ఎవరూ చదివినట్లు లేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మినహాయింపు పాలకవర్గం ఇంటిపేర్లను చూసి ఇవ్వకూడదు. బడిలో ఆ భాష వాస్తవంగా నేర్పుతున్నారా అని చూసి ఇవ్వాలి. నేర్పే బడికి రక్షణ ఉండనివ్వండి, అది చాలా అవసరం. నేర్పని బడికి 12(1)(సి) మిగిలిన అందరికీ వర్తించినట్లే వర్తించాలి. అల్పసంఖ్యాకుల హక్కుకు గండి పడుతుందని మన పెద్దలు ఆక్షేపిస్తారు. 2004లో గుజరాతీ సంస్థల కేసులో, ఉషా మెహతా తీర్పులో, మరాఠీ బోధన తప్పనిసరి అన్నంత మాత్రాన అల్పసంఖ్యాక హక్కు పోదని సుప్రీంకోర్టు అన్నది. పేద తెలుగు పిల్లవానిని లోపలికి రానిస్తే మాత్రం ఎలా పోతుంది?

తీర్పు వచ్చేదాకా ఆగనక్కర లేదు కూడా. తెలుగు సంస్థలు నడిపే ఇంగ్లీషు బడులు తమంతట తామే ప్రవేశ తరగతిలో నాలుగవ వంతు సీట్లు పేటల పిల్లలకు ఇవ్వడాన్ని ఏ చట్టమూ ఆపదు. ఆ పిల్లలకే కాదు, అందరికీ రోజుకు ఒక పీరియడు తెలుగు పెట్టడాన్నీ ఆపదు. ఆ పీరియడు చెప్పడానికి అతిరిక్తులమవుతామని భయపడుతున్న మనమే ఉన్నాము. టొపీకాలో జరగనిది ఇక్కడ జరగవచ్చు: పిల్లలతో పాటు పంతుళ్లు కూడా గడప దాటవచ్చు. బాలభారతి వారి తెలుగు పుస్తకాలు ఉన్నాయి, కొత్తగా రాయనక్కర లేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. లాటరీకి దరఖాస్తు చేయండి, తెలుగు బడి ఉపాధ్యాయులుగా మేము ఏమనుకుంటామో అని మొహమాటపడకండి. ఉత్పన్న దాఖలా, కులం దాఖలా, పుట్టిన తేదీ పత్రం, నివాస పత్రం ముందే తీసి పెట్టుకోండి. పేరు వచ్చాక ఫీజు పేరుతో గాని, చందా పేరుతో గాని డబ్బు అడిగినా, బిడ్డను వేరే బెంచీలో కూర్చోబెట్టినా రాతపూర్వకంగా విద్యాధికారికి ఫిర్యాదు చేయండి. ఫిర్యాదు రాయడం రాకపోతే మా బడికి రండి, రాసిపెడతాము. రాత్రి పడుకునే ముందు బిడ్డ చేత పది నిమిషాలు తెలుగు చదివించండి. చదవడం మీకే రాకపోతే ఆదివారం మా దగ్గరకు పంపండి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. విస్తృత ధర్మాసనం ముందు మతసంస్థలు, పెద్ద పెద్ద ట్రస్టులు తమ తమ వకీళ్లతో నిలబడతాయి. చేనేత పేటలో నలభై మంది పిల్లలతో తెలుగు నేర్పే బడి ఎలా ఉంటుందో అక్కడ చెప్పేవారు ఎవరూ ఉండరు. మన ఉపాధ్యాయ సంఘాలు, సంస్థలు కలిసి ఒక విన్నపం రాసి పంపాలి. ఎన్ని బడులలో తెలుగు మాధ్యమం, ఎన్ని బడులలో తెలుగు ఒక్క విషయంగా మాత్రమే, ఎన్ని బడులలో బోర్డు మీద తప్ప లోపల తెలుగు లేదు అన్న పట్టిక ఒకటి ముందుగా తయారు కావాలి. మన సోలాపూర్ వరకు ఆ పట్టిక నేను మొదలుపెట్టాను. మీ బడి వివరం, ఉన్నది ఉన్నట్లుగా, దీపావళి సెలవుల లోపల పంపండి.